న్యాయ పరిచర్య నిధి: జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర మాటలు వినిపిస్తున్నాయి. "పేదలకు సాయం అని వసూలు చేసి వకీలుకి పెట్టారట" అని. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఏడుగురు స్త్రీల తరఫున ఈ నిధితో నడిపిస్తున్న కేసు గురించే ఆ మాటలు. ఒక్కొక్కరికీ విడిగా సంజాయిషీ చెప్పుకునే కంటే అందరికీ కలిపి రాసి పెట్టడమే మేలనిపించింది. ఎవరెంత ఇచ్చారో తెలియకుండా ఉండాలని మొత్తాన్ని 100 పాళ్లుగా చూపిస్తున్నాం. పైసలతో సహా లెక్క పుస్తకం సంఘం ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు కూడా తనమీద నింద రాకూడదని సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట ఉంచుకున్నాడు (2 కొరింథీ 8). కాబట్టి లెక్క అడిగారని మాకు కోపం లేదు. కాస్త బాధ ఉంది, అంతే.

జమ: ప్రత్యేక అర్పణ 52, స్త్రీల సమాజం 17, యౌవనస్థులు 9, పేరు రాయని కవర్లలో వచ్చింది 22. ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఖర్చు:

అత్యవసర సాయం 28. అద్దెలు, మందులు, పిల్లల ఫీజులు. రసీదులున్నాయి. పేర్లు మాత్రం చెప్పం.

జిరాక్సులు, కాగితాలు 3. ఇంతెందుకయిందని అడిగారు. జీతం రాని ఒక అక్క తను పనికెళ్లిన రోజులన్నీ చిన్న నోటుబుక్కులో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంది. రబ్బరు బ్యాండు వేసి దాచుకున్న ఆ పుస్తకమే కేసుకి ఆధారం. మొదటిసారి జిరాక్సు తీస్తే గీతలు కనపడ్డాయి గాని టిక్కులు రాలేదు. ముదురుగా పెట్టించి మళ్లీ అన్ని పేజీలూ తీయించాం. అదీ సంగతి.

వకీలు ఫీజు 31. అసలు గొడవంతా దీని మీదే.

నిధి మొదలుపెట్టిన రోజు బోర్డు మీద 11 సమస్యలు రాశాం. వరదలు, యుద్ధం, ఇళ్లు ఖాళీ చేయించడం, అప్పుల ఊబి. పొద్దున్నే ఫోన్ తీస్తే ఇంకో కొత్త కష్టం. తలా కొంచెం పంచేస్తే మనసు తేలికపడేది, కాని ఏ ఒక్కటీ తీరేది కాదు. అందుకే మనకు ముఖపరిచయం ఉన్నవాళ్లది, చట్టం వాళ్లవైపే ఉన్నది, తెగేదాకా వెంట నిలబడగలిగేది ఒక్కటే తీసుకున్నాం. క్లీనింగ్ పనిచేసే ఏడుగురు స్త్రీలకు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారు. వాళ్లలో మన సంఘస్థురాలు ఒక్కరే. మిగతా ఆరుగురి మాటేమిటి అంటారా? కూలివాడు పరదేశి అయినా పొద్దు గూకకముందే కూలి ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండము 24లోనే ఉంది.

ఆ 31 పాళ్లూ వాళ్లకే పంచి ఉండొచ్చు కదా అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. పంచితే నెలలో అయిపోయేది, యజమాని బాకీ మనం తీర్చినట్టయ్యేది. పైగా ముందు వాళ్లనే అడిగాం. "మీ డబ్బులొద్దు, మా డబ్బులు ఇప్పించండి" అన్నారు. 1955–56లో అమెరికాలోని మాంట్‌గొమరీలో నల్లజాతివారు బస్సుల్లో వర్ణవివక్షకి నిరసనగా 381 రోజులు బస్సులెక్కకుండా ఉన్నప్పుడు చర్చిల్లో పట్టిన కానుకలు వాళ్లని పనులకి చేర్చే కార్లకీ, పెట్రోలుకీ పోయాయి. కొన్ని కార్లు చర్చిల పేరుతోనే కొన్నారు. కానుక డబ్బుతో పెట్రోలేమిటని అక్కడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

వాయిదాల రోజుల కూలి, ప్రయాణం 19. ఇక్కడ తప్పు మాదే. 6 దాటదనుకున్నాం. ఐదుసార్లు వాయిదా పడింది, ప్రతిసారీ ఏడుగురికీ ఆ రోజు పని పోయింది. ఆ కూలి మనం ఇవ్వకపోతే మూడో వాయిదాకే సగంమంది రావడం మానేసేవారు. అయినా రెండో వాయిదాకే సంఘానికి చెప్పాల్సింది. చెప్పలేదు, క్షమించండి.

విశ్రాంతి 8. దీన్ని "పిక్నిక్" అన్నారు. రాత్రీ పగలూ ఫోన్లు ఎత్తిన ఇద్దరు వాలంటీర్లలో ఒకరు ప్రార్థన కూటంలో కూర్చున్నచోటే నిద్రపోయారు. టెన్షన్‌తో ఇంకొకరికి ఒంట్లో బాగుండటం లేదు. ఇద్దరినీ మూడు వారాలు పని మాన్పించాం. ఆ మూడు వారాలూ ఫోన్ చూసుకున్న మనిషికిచ్చిన జీతం కూడా ఇందులోదే. ఇక చాలు ప్రభువా అని చెట్టు కింద పడుకున్న ఏలీయాకి దేవుడు ముందు పంపింది ఉపదేశం కాదు, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు కూడా. ఇకమీదట, మామ యిత్రో మోషేకి చెప్పినట్టు, పనిని పదిమందికి పంచుతున్నాం. పేర్లిచ్చింది మాత్రం నలుగురే.

నిధికి ఇస్తామని రాసిచ్చిన వాగ్దాన కార్డులు 40 వచ్చాయి. డబ్బు చేరింది 23 మంది నుంచి. ప్రశ్నలన్నీ ఆ మిగతా 17 మంది నుంచే వచ్చాయని మేం అనడం లేదు. ఇబ్బందుల్లో ఉన్నవారు ఒక్క మాట చెబితే కార్డు తిరిగి ఇచ్చేస్తాం, దాచుకోనక్కర్లేదు.

నిల్వ 11. వచ్చే వాయిదాకి ఉంచాం. నాలుగో వాయిదా రోజు వర్షంలో బండి మాట్లాడుకున్న ఖర్చుకి రసీదు లేదు. అది ఈ లెక్కలో కలపలేదు, కోశాధికారి తన జేబులోంచే పెట్టుకున్నారు.