సూర్యుడి మీది చిన్న మెరుపులు

ఓస్లో

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

నేను పరిశోధిస్తున్నది సూర్యుడి మీది పెద్ద జ్వాలలనేనా అని అడిగారు. కాదండీ, మన కంటికి కనిపించే సూర్యుడి ఉపరితలమైన కాంతిగోళానికి కాస్త పైన పుట్టి, కొద్ది నిమిషాల్లో ఆరిపోయే చిన్న మెరుపులను. 1917లో మౌంట్ విల్సన్ వేధశాల నుంచి ఫెర్డినాండ్ ఎల్లర్‌మన్ వీటిని వర్ణించాడు కనుక ఎల్లర్‌మన్ బాంబులంటారు. చిన్నవన్నా, ఒక్కొక్కటి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా పరుచుకునేంత ఉండవచ్చు.

సూర్యకాంతి వర్ణపటంలో హైడ్రోజన్ వల్ల ఏర్పడే ఎర్రని రేఖ నడిమధ్యలో చూస్తే ఇవి కనిపించవు, ఎందుకంటే ఆ కాంతి మనకు కాంతిగోళానికి పైనున్న వర్ణగోళమనే పొర నుంచి వస్తుంది, అక్కడి దట్టమైన వాయు పోగులు కిందిదాన్ని కప్పేస్తాయి. రేఖకు ఇరుపక్కలా చూస్తేనే మెరుపు బయటపడుతుంది. లోపలి నుంచి కొత్త అయస్కాంత క్షేత్రం పొంగివచ్చే చోట, ఎదురెదురు దిశల క్షేత్రరేఖలు తారసపడి, తెగి, మరో విధంగా కలుసుకున్నప్పుడు వెలువడే శక్తే దీనికి మూలం.

అసలు చిక్కు 2014లో వచ్చింది. అంతకుముందు ఏడాది కక్ష్యలోకి వెళ్లిన, సూర్యుణ్ణి గమనించే ఐరిస్ ఉపగ్రహం, చల్లని దిగువ వాతావరణంలోనే దాదాపు 80,000 డిగ్రీల వేడిని సూచించే అతినీలలోహిత విస్ఫోటాలను చూపింది. కాంతిగోళం వేడి సుమారు 5,800 డిగ్రీలు. ఎల్లర్‌మన్ బాంబుకు దానిపైన కొన్ని వేల డిగ్రీలు చేరితే చాలు. మరి కొన్నిసార్లు ఈ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో ఎలా కనిపిస్తాయి?

ఇక్కడి విశ్వవిద్యాలయంలో రూపొందిన బైఫ్రాస్ట్ అనే గణన నమూనాతో 2019లో వెలువడిన జవాబు నాకు ఎంతో తృప్తినిచ్చింది. ఎదురెదురు క్షేత్రాల నడుమ ఏర్పడి నిలువుగా సాగిన ఒకే విద్యుత్ప్రవాహపు పొరలో, సాంద్రత ఎక్కువైన అడుగుభాగం బాంబుగానూ, వాయువు పలచబడిన పైభాగం అతినీలలోహిత విస్ఫోటంగానూ వెలుగుతాయి. నమూనాలోని ఉష్ణోగ్రతను ఏ దూరదర్శినీ నేరుగా కొలవలేదు కనుక, ఆ వాయువు ఎలాంటి కాంతిని వెలువరిస్తుందో లెక్కగట్టి, దాన్ని లా పాల్మా ద్వీపంలోని స్వీడిష్ సౌర దూరదర్శిని, ఐరిస్ తీసిన వర్ణపటాలతో పోల్చాలి; రేఖ వెడల్పు కుదరకపోతే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ నమూనాను నమ్మకూడదని నా అభిప్రాయం.

శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య వీటిని చూడగలదా అని కూడా రాశారు. దానిలోని సూట్ దూరదర్శిని 200 నుంచి 400 నానోమీటర్ల కాంతిని చూస్తుంది. ఐరిస్‌కు ఆ విస్ఫోటాలను పట్టిచ్చిన సిలికాన్ రేఖలు 140 దగ్గర ఉన్నందున అవి దానికి అందవు. 280 దగ్గరి మెగ్నీషియం రేఖలు మాత్రం అందుతాయి. పెద్ద మెరుపులను అది సూర్యబింబమంతటా గమనించగలదు, మరీ చిన్నవాటిని విడదీసి చూడటం కష్టం.

అమ్మకు నమస్కారములు.

మీ కుమార్తె