కారు కింద గలగల: రెండుసార్లు తప్పు పార్టు మార్చాం

గత నెలలో ఒక కారు మా గ్యారేజీకి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఒకటే కంప్లైంట్: యాక్సిలరేటర్ తొక్కితే కింద నుంచి గలగలమని శబ్దం. మొదటి రెండుసార్లు మేం తప్పు పార్టు మార్చి పంపించాం. ఆ ఓనరుకి సారీ చెప్పి డబ్బు వెనక్కిచ్చేశాం. మీలో చాలామంది ఇలాంటి శబ్దాలతోనే వస్తుంటారు కాబట్టి ఏం జరిగిందో దాచకుండా చెబుతున్నాను. దీనివల్ల మా పద్ధతి కూడా కొంచెం మారుతోంది.

మొదటిసారి మా కుర్రాడు బండిని న్యూట్రల్‌లో పెట్టి రయ్యిమని రేస్ చేసి చూశాడు. శబ్దం రాలేదు. ట్రయల్‌కి తీసుకెళ్తే ఒకట్రెండుసార్లు వినిపించింది. నిలబెట్టి రేస్ చేస్తే రాదు, నడిపితే వస్తుంది అంటే లోడ్ పడినప్పుడే వస్తోందని లెక్క వేసుకున్నాం. బానెట్ ఎత్తి, బ్రేక్ నొక్కి పట్టుకుని క్లచ్ కొంచెం వదిలితే ఇంజిన్ బాగానే ఊగింది. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు పగిలి ఉంది కూడా. దాన్ని మార్చాం. మళ్లీ ట్రయల్ కొడితే శబ్దం తగ్గినట్టే అనిపించింది. నిజానికి తగ్గలేదు, తగ్గాలని మేం కోరుకున్నాం, అంతే.

రెండు రోజులకే బండి తిరిగొచ్చింది. ఈసారి సైలెన్సర్ వేలాడే రబ్బర్లు సాగిపోయి కనిపించాయి. పైపు ఊగి ఫ్లోర్‌కి కొట్టుకుంటోందనుకుని వాటినీ మార్చాం. ఇక్కడ నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇనుము ఇనుముకి కొట్టుకుంటే ఆ చోట రాపిడికి మెరుస్తూ ఒక గుర్తు పడుతుంది. పైపు మీద గానీ, పైన ఫ్లోర్ మీద గానీ అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. అది చూసైనా ఆగాల్సింది.

మూడోసారి ఓనరు నేరుగా నా దగ్గరికే వచ్చి, "మీరు నడిపితే రాదండీ, నేను నడిపితేనే వస్తుంది. ఒకసారి పక్కన కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. ఆయన మాలాగా తొక్కరు. మూడో గేర్‌లో పాదం మెల్లగా దించుతూ వేగం పెంచుతారు. ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 2,300 దాటగానే గలగల మొదలైంది, 2,500 దాటగానే ఆగిపోయింది. మేం గట్టిగా తొక్కి ఆ కాస్త దూరాన్ని క్షణంలో దాటించేస్తున్నాం. అందుకే మాకు సరిగ్గా దొరకలేదు. గ్యారేజీకి వచ్చాక న్యూట్రల్‌లోనే ముల్లుని 2,400 దగ్గర కదలకుండా పట్టి ఉంచమన్నాను. శబ్దం హాయిగా వచ్చేసింది! అంటే ఇది లోడ్ గొడవే కాదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు మండుతాయి. 2,400 ఆర్పీఎం అంటే సెకనుకి 40 చుట్లు, 80 దెబ్బలు. సైలెన్సర్ పైపు పొడవునా ఆ అదురు వెళ్తుంది. దారిలో ఎక్కడైనా వదులుగా ఉన్న పల్చటి రేకు ఉండి, దాని సొంత ఊపు కూడా అక్కడికే సరిపోతే, ఉయ్యాలని సరైన సమయానికి తోసినట్టు అది పెద్దగా ఊగుతుంది. ఆర్పీఎం మారితే లయ తప్పి ఊరుకుంటుంది.

బండిని చల్లారనిచ్చి లిఫ్ట్ మీదకి ఎత్తి, పైపు వెంట పిడికిలితో కొట్టుకుంటూ వెళ్లాను. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) మీదున్న హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు) దగ్గర అదే గలగల. బోల్టు చూస్తే బిగుతుగానే ఉంది. కానీ దాని చుట్టూ రేకు తుప్పు పట్టి రంధ్రం పెద్దదైపోయింది. బోల్టు దాని మానాన అది ఉంది, రేకు దాని మానాన అది ఆడుతోంది. ఒక వెడల్పాటి వాషర్, హోస్‌కి వేసే స్టీల్ క్లాంప్ ఒకటి. ఇరవై నిమిషాల పని.

"ఆ రేకు పీకి పారేస్తే పోలా?" అని కొందరు అడుగుతుంటారు. పీకం. నడుస్తున్న బండిలో కన్వర్టర్ సాధారణంగా 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ వేడి ఫ్లోర్ కార్పెట్‌కి, దగ్గర్లోని పైపులకి, వైర్లకి తగలకుండా ఆపేది ఆ రేకే. కొన్ని బండ్లలో కింద వైపు కూడా షీల్డ్ ఉంటుంది. అది లేని బండిని ఎండుగడ్డి మీద ఆపితే మంటలు అంటుకోవచ్చు.

అన్ని గలగలలూ ఇంత తేలికగా పోవు. కన్వర్టర్‌ని తడితే లోపల గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తే, లోపలున్న తేనెపట్టులాంటి పింగాణీ పగిలిందని అర్థం. పికప్ కూడా తగ్గొచ్చు. చాలాసార్లు దీనికి మూలం ఇంజిన్ మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. మిస్‌ఫైర్ సంగతి చూడకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ పోతుంది. స్టీరింగ్ తిప్పి ముందుకెళ్తుంటే టకటకమంటే చక్రం వైపు ఇరుసు కీలు, అంటే బయటి సీవీ జాయింట్ చూడాలి. పై గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే డబ్బాలో గోళీలు ఆడించినట్టుంటే అది కింద శబ్దం కాదు, ఇంజిన్ నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండడం). అప్పటికి గేర్ దించండి, తర్వాత బండి చూపించండి. నిర్లక్ష్యం చేస్తే పిస్టన్ల దాకా వస్తుంది. ఒకసారి గంటసేపు వెతికి వెతికి చివరికి డిక్కీలో స్టెప్నీ పక్కన వదులుగా పడున్న జాకీని పట్టుకున్నాం. ఆ రోజు ఓనరు, మేం, అందరం నవ్వుకున్నాం.

ఇక మా సంగతి. ఇన్నాళ్లూ శబ్దం వెతకడానికి డబ్బు తీసుకోలేదు, పార్టు మారిస్తేనే బిల్లు. వినడానికి ఇది మీకు లాభంగానే ఉంటుంది. కానీ గంట వెతికి "ఏ పార్టూ పోలేదు" అంటే మాకు మిగిలేది సున్నా. చెడ్డ ఉద్దేశం లేకపోయినా చెయ్యి కొత్త పార్టు మీదకే వెళ్తుంది. మౌంటింగ్ విషయంలో జరిగింది అదే. అందుకే ఇకపై వెతికే సమయానికి వేరుగా ఛార్జీ ఉంటుంది. ఎంతో ముందే చెబుతాం. గంటలో దొరక్కపోతే ఫోన్ చేసి అడిగాకే ముందుకెళ్తాం. మా అంచనా మీద పార్టు మార్చాక అదే శబ్దం అలాగే ఉంటే, ఆ పార్టు ఖర్చూ లేబరూ మావే. కొంతమందికి ఈ ఛార్జీ నచ్చకపోవచ్చు, తెలుసు.

ఇంకో మార్పు: శబ్దం పని మీద వస్తే తాళం ఇచ్చి వెళ్లిపోకండి. రోజూ ఆ బండి నడిపేవాళ్లే ట్రయల్‌కి రావాలి. ఏ గేర్‌లో, ముల్లు ఎక్కడుండగా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది చూసుకుని రండి. పక్క సీట్లో ఎవరైనా ఉంటే ఫోన్‌లో రికార్డు చేయించండి, మీరు నడుపుతూ చేయకండి. జాకీ మీద లేపిన కారు కిందకి మాత్రం దూరొద్దు.

వీలైతే ముందురోజు సాయంత్రమే బండి వదిలేసి, పొద్దున్నే మీరు రండి. రాత్రంతా ఆగిన సైలెన్సర్ చల్లగా ఉంటుంది, స్టార్ట్ చేయకముందే చేత్తో తట్టి చూడొచ్చు.