నడిచే దారులున్నాయి, చెప్పే బోర్డులేవీ?

సంపాదకులకు నమస్కారం.

ట్రెక్కింగ్ అంటే కుర్రాళ్ల పనే అనుకుంటాం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా మొన్న విశాఖ దగ్గర తొట్లకొండ మీద హాయిగా తిరిగింది. ఎత్తు 128 మీటర్లే, పైదాకా రోడ్డుంది. బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు చూసి తల తిప్పితే ఎదురుగా సముద్రం! అడవి కావాలంటే కంబాలకొండ ఊరిని ఆనుకునే ఉంది. ఎర్రమట్టి దిబ్బల్లో ఎక్కేది తక్కువే గానీ ఇసుకలో కాళ్లు దిగబడతాయి. మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి.

ఈమధ్య ఇలాంటిదే ఒక దారిలో ఇంకెంత నడవాలో తెలియక టెన్షన్‌తో సగంలోనే వెనక్కి వచ్చేశాం. దూరమెంత, మెట్లున్నాయా, నీళ్లెక్కడ దొరుకుతాయి అన్నవి తెలుగులో రాసిన బోర్డు ప్రతి దారి మొదట్లో పెట్టించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం