14.44 అంటే 14 డిగ్రీల 44 నిమిషాలు కాదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు ఎక్కడుందని అడిగితే పిల్లలు ‘ఒంగోలు కింద’ అంటారు. పటంలో కింద ఉన్నది నేల మీద దక్షిణమని ముందు చెప్పాలి. ఒక బత్తాయి తీసుకుని నడుం చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీయించండి, అది భూమధ్యరేఖ. దానికి సమాంతరంగా గీసేది అక్షాంశం. తొడిమ నుంచి అడుగుదాకా గీసేది రేఖాంశం. ఊరి స్థానం రాసేటప్పుడు అక్షాంశం ముందు రాయాలి, రేఖాంశం తర్వాత. ఉత్తరం, తూర్పు అని చేర్చకపోతే సగమే చెప్పినట్టు.

అసలు తప్పు ఫోన్ దగ్గర జరుగుతోంది. నెల్లూరు అక్షాంశం 14.44 అని చూపిస్తే 14 డిగ్రీల 44 నిమిషాలని రాసేస్తున్నారు. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 0.44ను 60తో గుణిస్తే వచ్చేది సుమారు 26, అంటే 14 డిగ్రీల 26 నిమిషాలు. ఆ 18 నిమిషాల తేడా నేల మీద సుమారు 33 కిలోమీటర్లు. నెల్లూరు ఉత్తరాన ఉన్న బిట్రగుంట వైపు జరిగిపోతుంది! ఈ లెక్క ఆరో తరగతిలోనే చేయించండి.

— భూగోళం బోధించే ఉపాధ్యాయులు, నెల్లూరు