ఏ మొక్క ఎక్కడ కాస్తుందో నర్సరీలు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో ఇప్పుడు రంబుటాన్, మాంగోస్టీన్ అనే విదేశీ పండ్ల మొక్కల పిచ్చి పట్టుకుంది. అంతా యూట్యూబ్ మహిమ. ఎదురింటాయన నిరుడు ఊరి బయట ఓ నర్సరీలో 1,200 రూపాయలు పోసి రంబుటాన్ కొన్నారు. ఇక్కడ కాస్తుందా అని అడిగితే, "మన దగ్గర ఎండ మస్తుగ ఉంటది సార్, మంచిగ కాస్తది" అన్నారట. ఈ మే నెలలో ఆ ఎండకే ఆకుల అంచులు మాడి చచ్చిపోయింది.

అది కేరళలో పత్తనంతిట్ట వైపు కాసే చెట్టు. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, గాలిలో ఎప్పుడూ తేమ. మనకు వాన 800 చిల్లర, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. ఎండాకాలం 42 డిగ్రీల వడగాలి, పైగా ఉప్పు బోరు నీళ్లు. ఒకవేళ బతికినా, గింజతో మొలిపించిన రంబుటాన్ మగ చెట్టు అయితే కాయే కాయదు. ఈ ముక్క నర్సరీవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

మన నేలకు పనికొచ్చేవి లేవా? మా పెరట్లో బాలానగర్ సీతాఫలం ఉంది. మహబూబ్‌నగర్ వైపు రకం, రాళ్ల నేలలోనూ బతుకుతుంది. దాని పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందుకే పూత ఎంత వచ్చినా కాయ నిలిచేది తక్కువ. మా మనవడి పెయింటింగ్ బ్రష్‌తో పొద్దున్నే ఒక పువ్వు పుప్పొడి తీసి, అప్పుడే విచ్చుకుంటున్న మరో పువ్వుకు అద్దుతాను. వాడికి డ్రాయింగ్ క్లాసు రోజు బ్రష్ దొరకదు, అది వేరే గొడవ. కాయలు మాత్రం బాగా నిలుస్తున్నాయి. మామిడే కావాలంటే సంగారెడ్డి పరిశోధన కేంద్రం రుమానీ రకాన్ని నీలం రకంతో కలిపి తయారుచేసిన 'మంజీర' ఉంది. పెద్దగా ఎత్తు పెరగదు, ఏటా కాస్తుంది. 200 గజాల ఇంటికి అంతకంటే ఏం కావాలి? చిత్రం ఏమిటంటే, చాలా నర్సరీల్లో దాని పేరు చెబితే మన మొహం వంక చూస్తారు.

నర్సరీల రిజిస్ట్రేషన్‌కు చట్టం 2010 నుంచే ఉంది. ఉద్యానశాఖ ఇంకొక్క పని చేయించాలి. పండ్ల మొక్క ప్రతిదానికీ రకం పేరు, అంటుదా గింజదా, ఏ వాతావరణంలో కాస్తుందో రాసిన తెలుగు లేబుల్ కట్టించాలి. తొలకరి అమ్మకాలు మొదలయ్యేలోపు ఈ ఆదేశం వస్తే మేలు. లేబుల్‌పై అంత చోటు లేదంటారేమో, ధర మాత్రం ఎంత పెద్ద అంకెల్లో రాస్తున్నారో చూస్తూనే ఉన్నాం.

— ఒక పాఠకురాలు, సైనిక్‌పురి, హైదరాబాద్