మంత్రిగారూ, ఆ గడిలో మమ్మల్ని టైపు చేసుకోనివ్వండి

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను గుంటూరు బ్రాడీపేటలో 18 ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. మీ శాఖ దరఖాస్తు వర్డ్ ఫైలును రోజూ 20 మందికి తక్కువ కాకుండా నింపి, ప్రింటు తీసి ఇస్తున్నాను. ఆ ఫైలులో వృత్తి గడి గురించి మీ జిల్లా కార్యాలయంలో మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి స్టాంపు వేసి రశీదు ఇచ్చారు. రెండోసారి "ఫైలు పైనుంచి వచ్చింది, మేం ముట్టుకోకూడదు" అన్నారు. మూడోసారి కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. ఇక మీకే రాస్తున్నాను, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆ గడి మీద క్లిక్ చేస్తే కిందికి జాబితా తెరుచుకుంటుంది. రైతు, కౌలు రైతు, వ్యవసాయ కూలీ, చేనేత, తాపీ పని, ఇలా 24 పేర్లు. 25వది "ఇతరములు". వాటిలో ఒకటి నొక్కాలి. కర్సరు పెట్టి కీబోర్డు మీద ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు.

ఇది గుంటూరు సార్. మిర్చి యార్డును నమ్ముకుని ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కూలీలు, గోతాలు కుట్టేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో సరుకు ఎత్తి దించేవాళ్లు, కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు. వీళ్లలో ఒక్కరి పనికీ ఆ జాబితాలో పేరు లేదు.

తొడిమలు తీసే ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఆవిడకు 60 ఏళ్లు దగ్గర పడుతున్నాయి. మిర్చి ఘాటుకు వేళ్లు మండుతాయని కొబ్బరినూనె రాసుకుని వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు నేనే "వ్యవసాయ కూలీ" అని నొక్కాను. దగ్గరగా ఉన్నది అదే అనిపించింది. విచారణకు ఇంటికి వచ్చినాయన "ఏ పొలంలో చేస్తావమ్మా?" అని అడిగితే, ఆవిడ ఉన్నది ఉన్నట్టు "పొలం కాదయ్యా, గోడౌన్లో కాయలకు తొడిమలు తీస్తాను" అంది. వృత్తి తప్పుగా చూపారని రాసి దరఖాస్తు కొట్టేశారు.

రెండోసారి "ఇతరములు" నొక్కాం. వృత్తి వివరం లేదని తిప్పి పంపారు. వివరం రాయడానికి దాని పక్కన ఖాళీ ఏదీ? మూడోసారి ప్రింటు తీశాక పక్కనే పెన్నుతో "మిర్చి తొడిమలు తీసే పని" అని గుండ్రంగా రాసిచ్చాను. కంప్యూటర్లో నింపిన ఫారం మీద చేతిరాత చెల్లదని కౌంటర్లోనే వెనక్కి ఇచ్చేశారు. తిరిగిన ప్రతిసారీ ఆవిడకు ఒక రోజు కూలి పోయింది, ఆటో ఖర్చులు వేరే. ప్రింట్లకు నేను డబ్బులు తీసుకోలేదు, తీసుకునే మొహం నాకు లేదు.

పోయిన వారం నాలుగోసారి వచ్చింది. "ఏదో ఒకటి నొక్కెయ్యి నాయనా, అచ్చయితే చాలు" అంది. నా చెయ్యి ఆడలేదు. మళ్లీ ఎవరో ఇంటికి వెళతారు, మళ్లీ అదే అడుగుతారు, ఆవిడ మళ్లీ నిజమే చెబుతుంది. నిజం చెప్పే మనిషి చేత మనమే అబద్ధం ఆడిస్తున్నాం సార్. దయచేసి ఇది ఆలోచించండి.

ఆ రాత్రి షాపు మూశాక ఫైలు ముందు కూర్చున్నాను. అది వర్డ్‌లో పాత తరహా డ్రాప్‌డౌన్ ఫామ్ ఫీల్డ్, లెగసీ టూల్స్ కింద ఉంటుంది. దాంట్లో 25 పేర్లకు మించి పట్టవు. మీ జాబితా సరిగ్గా 25 దగ్గర ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తట్టింది. గడిలో చోటు అయిపోయి ఉంటుంది.

వర్డ్ 2007 నుంచి కంటెంట్ కంట్రోల్స్ అనే కొత్త తరహా గడులు వచ్చాయి. వాటిలో డ్రాప్‌డౌన్ లిస్ట్ అని ఒకటి, కాంబో బాక్స్ అని ఒకటి ఉన్నాయి. డ్రాప్‌డౌన్ లిస్ట్ పెడితే జాబితాలో ఉన్నదే తీసుకోవాలి. కాంబో బాక్స్ పెడితే జాబితాలోంచి తీసుకోవచ్చు, లేకపోతే సొంతంగా టైపు చేసుకోవచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. డెవలపర్ ట్యాబ్‌లోకి వెళ్లి, పాత గడి తీసేసి, కాంబో బాక్స్ పెట్టి, ప్రాపర్టీస్‌లో మీ పేర్లన్నీ మళ్లీ చేర్చి, ఫైలుకు ఎప్పటిలాగే ప్రొటెక్షన్ పెట్టాలి. మిగతా ఫారం ఎవరూ చెరపలేరు, ఆ గడిలో మాత్రం అక్షరం పడుతుంది. వర్డ్ లాంటిదే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో చేసినా అంతే, లిస్ట్ బాక్స్ బదులు కాంబో బాక్స్ పెట్టాలి. తెలిసినవాళ్లకు అరగంట పని. మీవాళ్లకు తీరిక లేదంటే నేనే వచ్చి, పైసా తీసుకోకుండా కూర్చుని చేసిస్తాను.

ప్రొటెక్షన్ తీసేసి గడి మార్చెయ్యమని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. నేను చెయ్యను. ప్రభుత్వ ఫారం నేను దిద్దితే రేపు ఇరుక్కునేది ఆ పేదవాళ్లే. మార్చాల్సింది మీరే.

ఎవరికి తోచింది వాళ్లు టైపు చేస్తే లెక్కలు కుదరవని మీ కార్యాలయంలో ఒకాయన అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఒకరు ముఠా కూలీ అని కొడతారు, ఇంకొకరు హమాలీ అంటారు, స్పెల్లింగు తప్పులూ వస్తాయి. కానీ పేరు ఉన్నవాళ్లు జాబితాలోంచే నొక్కుతారు కదా, టైపు చేసేది పేరు లేనివాళ్లే. వాళ్లు కొట్టింది చూసుకుంటే వచ్చేసారి జాబితాలో ఏవి చేర్చాలో మీకే తెలుస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో అందరూ "ఇతరములు" కిందే పోతున్నారు. తొడిమలు తీసేవాళ్లు ఎంతమంది ఉన్నారని రేపు మీరు అడిగినా మీవాళ్లు చెప్పలేరు.

ఇంకా ఉన్నాయి. జిల్లా గడిలో ఈ రోజుకీ 13 పేర్లే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయ్యాయి, పాత గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. నరసరావుపేటవాళ్లు వస్తే గుంటూరు జిల్లా అనే నొక్కాల్సి వస్తోంది. సంరక్షకుల గడిలో తండ్రి, తల్లి, భర్త, ఈ మూడే ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ఒకతి మొన్న వచ్చింది. ఆ పిల్లకు ఏం నొక్కమంటారు? కౌంటర్లో ఏమంటారోనని రోజూ నాకే టెన్షన్‌గా ఉంటే, పనులు మానుకుని వచ్చేవాళ్లకు ఎలా ఉంటుందో చూడండి.

గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. కొత్త పథకం అడగడం లేదు, డబ్బు అడగడం లేదు. ఉన్న గడిలో టైపు చేసుకోనివ్వమని అడుగుతున్నాను. ఫైలు మార్చడానికి రోజులు పడుతుందంటే, అందాకా పెన్నుతో రాసిన వృత్తిని ఒప్పుకోమని కౌంటర్లకు ఒక్క మాట చెప్పించండి. గడువైనా పొడిగించండి.

ఆవిడ ఫోటోలు, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు ఒక కవర్లో పెట్టి నా సొరుగులో ఉంచాను. కొత్త ఫైలు వచ్చిన రోజే ఫోన్ చేస్తానని చెప్పాను. త్వరగా పంపించండి సార్.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
బ్రాడీపేట, గుంటూరు.