ఈ విడత నారు లేదు, ఎందుకో చెబుతాను

టమాటా, వంగ, మిర్చి నారుకు అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లకు ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈ విడత నారు ఇవ్వలేం. పెంచిన మొక్కలన్నీ పీకేశాం. అడ్వాన్సు వెనక్కి కావాలంటే అడగండి, వెంటనే ఇచ్చేస్తాం. తర్వాతి విడత దాకా ఆగుతామంటే మీ పేరే ముందుంటుంది. డబ్బుల విషయం ఇంతే, మిగతాది కాస్త పెద్ద కథ.

నారు మట్టిలో కలిపే పశువుల ఎరువు మేం బయట కొంటాం. ఎప్పుడూ ఇచ్చే ఆయనే ఈసారీ లోడు దింపాడు. బాగా చివికింది, నల్లగా పొడిపొడిగా ఉంది, వాసన లేదు. మా అత్తయ్య గుప్పెడు తీసి నలిపి చూసి బాగుందన్నారు. ఆవిడ బాగుందన్న ఎరువుకు ఇంతవరకూ వంక పెట్టాల్సిన అవసరం రాలేదు. జల్లెడ పట్టి, ట్రేలు నింపి, విత్తనాలు వేశాం. మొలకలూ బాగానే వచ్చాయి. కానీ ఆకులు వేసే దశకు వచ్చేసరికి టమాటా చిగుళ్లు తేడాగా కనిపించాయి. ఆకుల అంచులు దోనెలా పైకి ముడుచుకున్నాయి, కాడ వంకర తిరిగింది, చిగురు సన్నగా మెలిపడి విప్పుకోవడమే మానేసింది. తెల్లదోమతో వచ్చే ఆకుముడత అనుకుని ఒక్కో ఆకు తిప్పి చూశాం, దోమ ఆనవాలే లేదు. పక్కనే అదే మట్టిలో, అవే నీళ్లతో పెరుగుతున్న మొక్కజొన్న మాత్రం నిటారుగా పచ్చగా ఉంది. అనుమానం అక్కడే మొదలైంది.

పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి కొట్టే మందులు కొన్ని ఉన్నాయి, అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటివి. మొక్కజొన్న లాంటి గడ్డిజాతిని అవి ఏమీ చేయవు. ఆ గడ్డి మేసిన పశువు కడుపులో మందు విరగదు, పేడతో బయటికొస్తుంది, కుప్పలో పేడ చివికినా అందులో మిగిలే ఉంటుంది. టమాటా, చిక్కుడు, బఠాణీ లాంటి వాటిని వంకర తిప్పడానికి అది ఏ కొంచెమున్నా చాలు. 2008లో బ్రిటన్‌లో పెరటి తోటల వాళ్లకు ఇలాగే జరిగి, గొడవ ముదిరి, అమినోపైరాలిడ్ మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపేశారు. కంటికీ ముక్కుకూ దొరికేది కాదిది. ఇంట్లో తేల్చుకోవాలంటే చిక్కుడు గింజలే దిక్కు. ఎరువు కలిపిన కుండీల్లో కొన్ని, కలపని కుండీల్లో కొన్ని వేసి మూడు నాలుగు వారాలు చూడాలి. చూశాం. ఎరువు లేనివి చక్కగా ఎదిగాయి, ఉన్నవన్నీ మెలితిరిగాయి.

ఆ కుండీల ఫొటోలు ఎరువు ఇచ్చినాయనకు పంపిస్తే వచ్చిన జవాబు: "నీళ్లు ఎక్కువ పెట్టుంటారమ్మా." ఇన్నేళ్లుగా నారు పెంచి మీకిస్తున్నదాన్ని, నీళ్లు ఎంత పెట్టాలో నాకు చెబుతున్నాడు! ఆ పశువులకు మేత ఎక్కడిది, దాని మీద ఏం కొట్టారు అని అడిగితే మాట దాటేశాడు. రెండ్రోజులాగి, ఇంకో లోడు ఊరికే పంపిస్తానన్నాడు. వద్దన్నాను. "ఊరికే వచ్చేది చిక్కుడుతో పరీక్ష చేసి వాడుకోవచ్చు కదా" అన్నారు మా ఆయన. లెక్కకు ఆయన మాటే సరైంది. అయినా వద్దనే అన్నాను, ఇప్పటికీ అదే మాట.

అసలు టెన్షన్ పెట్టింది మిర్చి, వంగ. టమాటా ఎలాగూ పోయింది, దాని గురించి ఆలోచించేదేం లేదు. ఇవి మాత్రం చూడ్డానికి బాగానే ఉన్నాయి. నిజం చెప్పి సగం ధరకు ఇద్దామన్నారు మా ఆయన. తెలిసి తీసుకుంటే వాళ్లిష్టం వదినా, మనం దాచట్లేదు కదా అన్నాడు మరిది. అది మోసం కాదని నాకూ తెలుసు. కానీ నిద్ర పట్టలేదు. మొక్క ఒక్కటే మీ ఇంటికి రాదు, వేళ్లతో పాటు ఆ మట్టీ వస్తుంది. రేపు చిగురు మెలితిరిగితే మా ఎరువు మీకు గుర్తుకు రాదు, నీళ్లు ఎక్కువయ్యాయేమో, ఎండ తగల్లేదేమో అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. ఎరువు ఇచ్చినాయన నాతో అన్న మాట మీతో మీరే అనుకునేలా చేయడం నా వల్ల కాదు. అన్నీ పీకేయమన్నాను. ఇంట్లో ఒక పూట ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పీకడానికి మాత్రం అందరూ వచ్చారు. అత్తయ్య పీట వేసుకుని ట్రేలు ఒక్కొక్కటే బోర్లించి తడితే, పిల్లలు ఆ మట్టి తట్టల్లో మోశారు, మా ఆయనా మరిదీ వెనకున్న గడ్డి నేలలో పరిచి పారలతో తిరగేశారు. కంపోస్టు కుప్పలో వేయలేదు, వేస్తే అదీ పాడవుతుంది. నేలలోని సూక్ష్మజీవులే మెల్లగా ఆ మందును విరగ్గొట్టాలి, దానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటొచ్చు. అప్పటిదాకా అక్కడి గడ్డి పశువులకు వేయం, వేస్తే ఆ పేడతో మళ్లీ ఇదే గొడవ. ఎలాగూ షెడ్డు ఖాళీ అయిందని చిరిగిన షేడ్‌నెట్ కుట్టుకున్నాం, డ్రిప్పు పైపులు కడిగాం, కంచె వెంబడి పిచ్చిమొక్కలు లాగేశాం.

పనంతా అయ్యాక తేలింది, చిన్నాడు ఒక వంగ ట్రే నీళ్ల తొట్టి వెనక దాచాడు. ఎవరికీ తెలియకుండా చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. లాక్కోబోతే ఏడుపు, సరే ఉంచుకోమన్నాను. ఆ ట్రే ఇంకా పచ్చగా ఉంది, అటు వెళ్లినప్పుడల్లా నా నిర్ణయాన్ని వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది. అయినా అది అమ్మకానికి లేదు, అడగొద్దు.

ఇకమీదట బయటి పశువుల ఎరువు కొనం. మన ఆకులు, మన గడ్డితో కంపోస్టు వేశాం, అది తయారయ్యేదాకా కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) మన దగ్గరున్న ఆకు ఎరువు కలిపి పెంచుతాం. ఏ మట్టి కలిపినా ముందు చిక్కుడు పరీక్ష, తర్వాతే విత్తనాలు. కాబట్టి నారు కొన్ని వారాలు ఆలస్యం. తొందరగా కావాలంటే వేరే చోట తీసుకోండి, నేనేం అనుకోను. (అనుకుంటాను, కానీ పైకి అనను.) పాత విడతల్లో మా దగ్గర తీసుకున్న మొక్కల గురించి భయపడొద్దు, అవి ఈ లోడు రాకముందువి.

ఇంకేమైనా అడగాలంటే చీకటి పడ్డాక ఫోన్ చేయండి. పగలు అందరం బయట పనిలోనే ఉంటున్నాం, ఫోన్ ఇంట్లో మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాళ్లుండరు.